మురుగునీటితో గ్యాసు గడ్డి: ఒక్క ఎకరం లెక్క

హైదరాబాద్‌లో ఉప్పల్ దాటి పీర్జాదిగూడ వైపు మూసీ వెంట వెళ్తే ముందు వాసన తగులుతుంది, ఆ తర్వాత పచ్చదనం కనిపిస్తుంది. మే నెలలో చుట్టూ నేల బీటలు వారినా ఆ ఒడ్డున పారా గడ్డి నిగనిగలాడుతూనే ఉంటుంది. దాన్ని కోసి, మోపులు కట్టి, పట్నంలోని పాడి గేదెలకు అమ్ముకుని బతికే కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ ఉన్నాయి. అంతకుముందు ఆ మడుల్లో వరి ఉండేది. నగరం పెరిగి నీళ్లు చిక్కబడేకొద్దీ వరి ఏపుగా ఎదిగి, గింజ సరిగ్గా పట్టకుండానే పడిపోవడం మొదలైంది. దాంతో రైతులు ఒకరిని చూసి ఒకరు గడ్డికి మారారు. వాళ్లకు ఈ సలహా ఏ పథకమూ ఇవ్వలేదు.

ఇప్పుడు అదే ఆలోచన కొత్త బట్టలు వేసుకుని వస్తోంది. గడ్డిని గేదెకు కాకుండా డైజెస్టర్‌కు, అంటే గాలి చొరబడకుండా కుళ్లబెట్టే తొట్టికి, మేపి గ్యాసు తీద్దాం, నీళ్లు శుద్ధి కేంద్రం నుంచి తెద్దాం అంటున్నారు. 2018 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన 'సతత్' పథకం దేశమంతటా 5,000 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు అని లక్ష్యం చెప్పింది. 2025-26 నుంచి సిటీ గ్యాస్ కంపెనీలు తాము అమ్మే గ్యాసులో 1 శాతం బయోగ్యాస్ కలపాలన్న నిబంధన వచ్చింది. 2028-29 నాటికి అది 5 శాతానికి చేరాలి. ఆంధ్రప్రదేశ్‌లో 500 ప్లాంట్లు పెడతామని 2024 నవంబరులో రిలయన్స్ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి దాన్నుంచి గ్యాసు తీయడం అక్కడి ఆలోచన.

కనిగిరి అంటే మెట్ట, ఫ్లోరైడ్ బోర్లకు పేరుబడ్డ ప్రాంతం. కాబట్టి 'గడ్డికి నీళ్లెక్కడివి?' అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. అక్కడ మురుగునీరు వాడతారని నేను అనడం లేదు. కానీ ఎండు ప్రాంతాల్లో ఇంధన పంటల గురించి ఎక్కడ చర్చ జరిగినా నీళ్ల దగ్గరికి వచ్చేసరికి 'శుద్ధి చేసిన మురుగునీరు ఉందిగా' అన్న జవాబు చాలా తేలిగ్గా వచ్చేస్తుంది. దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోందనీ, అందులో 20,236 మిలియన్ లీటర్లే నిజంగా శుద్ధి అవుతోందనీ 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క చెప్పింది. ఆ అంకెలు చూస్తే నీళ్ల గని దొరికినట్టే అనిపిస్తుంది. ఒక ఎకరం దగ్గర కూర్చుని లెక్కేస్తే బొమ్మ కొంచెం మారుతుంది.

పది వేల మంది, యాభై ఎకరాలు

మన ఎండు జిల్లాల్లో పచ్చగా, దట్టంగా ఉన్న గడ్డి రోజుకు సగటున 5 మిల్లీమీటర్ల నీళ్లు తాగుతుందనుకుందాం. మేలో ఇంకా ఎక్కువే తాగుతుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, దాని మీద 5 మి.మీ. అంటే సుమారు 20 వేల లీటర్లు. అంటే రోజుకు 10 లక్షల లీటర్లు, ఇంజినీర్ల భాషలో ఒక ఎమ్మెల్డీ, 50 ఎకరాలకు సరిపోతుంది.

ఆ ఒక్క ఎమ్మెల్డీ ఎంతమంది ఇళ్ల నుంచి వస్తుంది? పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా అని ప్రమాణం. అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని లెక్కకడతారు. అంటే మనిషికి 108 లీటర్లు. పది వేల మంది స్నానాలూ అంట్లూ బట్టలూ అన్నీ కలిస్తే యాభై ఎకరాల గడ్డి. 135 లీటర్లు నిజంగా అందే పట్టణాలు మనకెన్ని అన్నది వేరే సంగతి. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లో ఆ నీళ్లన్నీ ఒక్క చోటికి చేరనే చేరవు.

ఇక ప్లాంటు వైపు నుంచి చూద్దాం. నేపియర్‌ను మూడు కణుపుల ముక్కలుగా నాటితే రెండున్నర నెలలకు మొదటి కోత వస్తుంది. ఆ తర్వాత 45 రోజులకోసారి కోయొచ్చు. నీళ్లు పుష్కలంగా ఉంటే కోయంబత్తూరు రకాలు హెక్టారుకు ఏడాదికి 350 టన్నులు దాటి పచ్చిగడ్డి ఇస్తాయని అక్కడి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతుంది. మామూలు పొలంలో ఎకరాకు 120 టన్నులు అనుకుందాం. పచ్చిగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీరే. మిగిలిన ఎండు పదార్థం నుంచి టన్ను పచ్చిగడ్డికి 35 కిలోల మీథేన్ వస్తే బాగానే వచ్చినట్టు. అంటే ఎకరం నుంచి ఏడాదికి 4,200 కిలోల గ్యాసు. ఒక ప్లాంటు రోజుకు 10 టన్నుల గ్యాసు ఇవ్వాలంటే 870 ఎకరాలు పడతాయి, నష్టాలు కలుపుకుంటే వెయ్యి ఎకరాల మాట. వెయ్యి ఎకరాలకు 20 ఎమ్మెల్డీ, అంటే 2 లక్షల మంది ఊరి మురుగు మొత్తం. 2011 లెక్కల్లో ఒంగోలు జనాభా సరిగ్గా అంతే, రెండు లక్షల చిల్లర.

ఒక్క ప్లాంటుకు ఒక ఒంగోలు కావాలి. అలాంటివి వందల్లో పెట్టాలంటే రాష్ట్రంలో అన్ని ఒంగోళ్లు లేవు. ఉన్న పట్టణాలు బంజరు భూముల పక్కన లేవు.

దూరం నుంచి పంపు చేస్తే వచ్చే గ్యాసు కన్నా పోయే కరెంటే ఎక్కువవుతుందని కొందరు అంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. లెక్కేస్తే అలా లేదు. వెయ్యి లీటర్లను 100 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి పంపు నష్టాలతో కలిపి 0.4 యూనిట్ల కరెంటు పడుతుంది. పైపులో రాపిడి కూడా కలిపి 30 కిలోమీటర్ల దూరానికి 0.6 యూనిట్లు వేసుకోవచ్చు. అవే వెయ్యి లీటర్లు పొలంలో పెంచిన గడ్డి నుంచి ముప్పావు కిలో పైనే గ్యాసు వస్తుంది. దాని వేడి 10 యూనిట్ల పైమాటే. కాబట్టి కరెంటు సమస్య కాదు. అసలు భారం పైపు ఖర్చు, ఆ పైపు వెంట ప్రతి కిలోమీటరుకూ ఎవరో ఒకరు బెజ్జం పెట్టి నీళ్లు తీసుకోవడం. అలా తీసుకునే రైతును దొంగ అనడానికి నాకు నోరు రాదు.

ఎరువు బస్తాలు

మురుగునీటిని గడ్డి ఎందుకు ఇష్టపడుతుందో తెలియాలంటే నత్రజని దగ్గరికి వెళ్లాలి. మామూలుగా శుద్ధి చేసిన మురుగులో లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుందనుకుంటే, వానాకాలం పోను 250 రోజుల తడులకు, అంటే ఎకరాకు 50 లక్షల లీటర్లకు, 150 కిలోల నత్రజని వస్తుంది. యూరియా లెక్కన 45 కిలోల బస్తాలు ఏడు. వరికి అది ఎక్కువ, పైగా పొట్ట దశలో కూడా ఆగకుండా వస్తూనే ఉంటుంది. మూసీ వరి పడిపోయింది ఇందుకే. ఆకే పంట అయిన గడ్డికి ఆ బాధ లేదు. ఎకరం నేపియర్ ఏడాదికి దాదాపు 300 కిలోల నత్రజని లాగేస్తుంది. మురుగు ఇచ్చేది అందులో సగం. (బస్తా యూరియా ₹266.50కి దొరికే దేశంలో ఈ ఆదా రైతు జేబులో రెండు వేలు కూడా కనిపించదు. ఆదా అయ్యేది సబ్సిడీ భరించే ఖజానాకు.)

ఇక్కడే ఒక తిరకాసు ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డైజెస్టర్ గడ్డిలోని కార్బన్‌ను గ్యాసుగా తీసేస్తుంది కానీ నత్రజనిని ముట్టుకోదు. అది స్లర్రీలో, అంటే గ్యాసు తీశాక మిగిలే చిక్కటి ద్రవంలో, అలాగే మిగులుతుంది. 'స్లర్రీని మళ్లీ అదే పొలానికి సేంద్రియ ఎరువుగా వేస్తాం' అని ప్రతి ప్రాజెక్టు బొమ్మలోనూ ఒక గుండ్రటి బాణం గుర్తు గీస్తారు. మురుగుతో 150, స్లర్రీతో 300కి దగ్గరగా వస్తే మొత్తం 450. గడ్డి తాగేది 300. మిగిలింది నైట్రేట్‌గా కిందికి దిగి బోర్లలో చేరుతుంది. తాగునీటిలో నైట్రేట్‌కు మన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. కాబట్టి మురుగు పారే పొలానికి స్లర్రీ అవసరం లేదు. దాన్ని పక్క ఊళ్ల మెట్ట చేలకు పంపాలి, పంపే ట్రాక్టరు కిరాయి ముందే లెక్కలో రాసుకోవాలి.

ఇంకో విచిత్రం ఏమిటంటే, కొత్త శుద్ధి కేంద్రాలు నది కోసం నత్రజనిని తీసేసేలా కడుతున్నారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కఠినంగా చెప్పిన ప్రమాణాల్లో మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములే. నదిలో వదిలే నీటికి అది సరైనదే. పొలానికి వెళ్లే నీటి నుంచి కూడా కరెంటు ఖర్చు పెట్టి నత్రజనిని గాల్లోకి పంపించి, అదే పొలానికి మళ్లీ యూరియా కొనడం మాత్రం ఇంట్లో వండిన అన్నం పారబోసి హోటల్‌కు వెళ్లడం లాంటిది. నీళ్లు ఎటు పోతాయో ముందు తేల్చుకుని శుద్ధి కేంద్రం (ఎస్టీపీ) డిజైన్ చేయాలి. మన దగ్గర జరిగేది ఎక్కువగా తలకిందులు.

ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు

నన్ను అడిగితే ఈ వ్యవహారంలో అసలు సమస్య క్రిములు కాదు, ఉప్పు. మామూలు ఎస్టీపీ కుళ్లును తీస్తుంది, మడ్డిని తీస్తుంది, క్లోరిన్ వేస్తే క్రిములను చంపుతుంది. కరిగిన ఉప్పును మాత్రం తీయదు. కుళాయి నీటిలో ఉన్నదానికి మన సబ్బులూ డిటర్జెంట్లూ వంటింటి ఉప్పూ కలిసి ఇంకా పెరుగుతుంది.

టీడీఎస్, అంటే కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 800 మిల్లీగ్రాములు ఉన్న నీరు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఏడాదికి 50 లక్షల లీటర్లు పారితే ఆ ఎకరంలో 4 టన్నుల ఉప్పులు దించినట్టు. 50 కిలోల బస్తాలైతే ఎనభై. మొక్క నీళ్లు తాగి ఉప్పును దాదాపు వేళ్ల దగ్గరే వదిలేస్తుంది. ఎండు ప్రాంతంలో ఎండ ఎక్కువ కాబట్టి నీళ్లు ఎక్కువ పెట్టాలి, దాంతో ఉప్పూ ఎక్కువే దిగుతుంది. దాన్ని కడిగే వాన మాత్రం తక్కువ. మెట్టలో ఈ పథకానికి ఉన్న అసలు చిక్కుముడి ఇదే.

ఉప్పును వేళ్ల కిందికి నెట్టాలంటే పంటకు కావాల్సినదానికన్నా కొంచెం ఎక్కువ నీరు పారించాలి. ఎంత ఎక్కువ అన్నది పంటను బట్టి ఉంటుంది. ఉప్పదనాన్ని విద్యుత్ వాహకతతో కొలిచి ల్యాబ్ రిపోర్టులో ఈసీ అని రాసే అంకె 1.25 ఉన్న నీటిని మొక్కజొన్నకు పెడితే, పెట్టిన నీటిలో 17 శాతం వేళ్లు దాటి కిందికి పోవాలి, ఎందుకంటే నేల ఈసీ 1.7 దాటితేనే దాని దిగుబడి తగ్గడం మొదలవుతుంది. జొన్న 6.8 దాకా తట్టుకుంటుంది, దానికి 4 శాతం చాలు. ఇథనాల్ కోసం అందరూ చెరకు, మొక్కజొన్న అంటారు. చెరకు కూడా మొక్కజొన్న లాగే 1.7 దగ్గరే నీరసపడుతుంది. మురుగునీటి పక్కన నిలబడగలిగేది జొన్న. మన పాత పంట, తక్కువ నీళ్లు తాగేది కూడా. గడ్డి రకాల్లో నేపియర్ మధ్యస్థం, మొండిదేమీ కాదు.

కిందికి నెట్టిన ఉప్పు ఎటు పోతుంది? ఎర్ర చెలకలో దిగిపోయి భూగర్భజలంలో కలుస్తుంది. నల్లరేగడిలో అయితే దిగదు, పైకే తేలుతుంది. అందులో సోడియం పాలు ఎక్కువైతే నేల గట్టిపడి, నీళ్లు ఇంకక, కారు చౌడు అవుతుంది. తెల్లగా ఉప్పు తేలే పాల చౌడునైనా మంచినీళ్లు పెట్టి కడగొచ్చు. కారు చౌడుకు జిప్సం వేయాలి, జీలుగ వేసి కలియదున్నాలి, ఏళ్లు ఓపిక పట్టాలి. 'ఎలాగూ బంజరు భూమే కదా' అన్నవాళ్లకు ఒక్కటే చెప్పాలి. అది గొర్రెలు మేసే బంజరు, చౌడైతే అదీ ఉండదు.

ఇజ్రాయెల్ ఈ పాఠం ముందే నేర్చుకుంది. తన మురుగులో దాదాపు 90 శాతం సేద్యానికి వాడే ఆ దేశం, ఎస్టీపీలో తీయలేని బోరాన్ పొలాల్లో పేరుకుంటోందని చూసి, 1990ల చివర్లో డిటర్జెంట్ల మీదే హద్దులు పెట్టింది. సబ్బు ఫ్యాక్టరీలో ఆపితే పొలంలో ఆపినట్టే. మన దగ్గర డిటర్జెంటు ప్యాకెట్ మీద సోడియం గురించి అడిగినవాళ్లను నేనింకా చూడలేదు.

అన్నట్టు, ఇజ్రాయెల్ ఆ నీటితో పెంచేది ఇంధన పంటలు కాదు, ఎక్కువగా పళ్లూ పత్తీ కూరగాయలూ. టెల్ అవీవ్ ప్రాంతపు మురుగును శుద్ధి చేసి, ఇసుక దిబ్బల్లోకి ఇంకించి, తిరిగి తోడి నెగెవ్ ఎడారికి పంపుతారు. అంత బాగు చేసిన నీటితో గడ్డి పెంచడం వాళ్లకు గిట్టదు. మరోవైపు ఈజిప్టు 2005లో పెట్టిన నియమావళిలో మురుగునీటితో పచ్చిగా తినే పంటలు వద్దంది. దాంతో ఇస్మాయిలియా దగ్గర సెరాపియం అడవిలో ఆ నీటితో యూకలిప్టస్, ఆఫ్రికా మహాగని పెంచుతున్నారు. రెండు చోట్లా తర్కం ఒకటే. నీరు మంచిదైతే ఎక్కువ డబ్బు ఇచ్చే పంట దాన్ని లాక్కుంటుంది, నాసిరకానిదైతేనే ఇంధన పంటకు మిగులుతుంది.

తినని పంట అన్న భరోసా

క్రిముల విషయంలో గ్యాసు గడ్డికి నిజంగా ఒక మేలు ఉంది. ఎవరూ పచ్చిగా తినరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ముఖ్యమైన హద్దుల్లో ఒకటి లీటరుకు ఒక నులిపురుగు గుడ్డు మించకూడదన్నది. అది తినేవాళ్లతో పాటు పొలంలో పనిచేసేవాళ్ల కోసం కూడా. చెప్పుల్లేకుండా మడిలో దిగేవాళ్లకు కొంకి పురుగు అంటుకునేది పాదాల నుంచే. బూట్లు, స్ప్రింక్లర్ బదులు డ్రిప్, కోతకు ముందు కొన్ని రోజులు తడి ఆపడం, ఇంతకు మించి పెద్ద శాస్త్రం లేదు. జూన్ ఎండలో గంబూట్లతో గడ్డి కోయమని చెప్పేవాళ్లు ఒక్క గంట కోసి చూస్తే మంచిది. డ్రిప్ వేస్తే ఫిల్టర్లు రోజూ కడగాలి, లేకపోతే నాచు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి.

భార లోహాలు, మందుల అవశేషాలు వేరే కథ. 2007లో పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ పరిశోధకులు చూపించారు. అలాంటి నీరు ఇళ్ల మురుగుతో కలిస్తే 'శుద్ధి చేసిన మురుగు' అన్న మాటకు అర్థం మారిపోతుంది. డైజెస్టర్ లోహాన్ని కాల్చదు. గడ్డిలోకి ఎక్కినది స్లర్రీలోకి దిగి, పక్క ఊరి వరిచేలోకి వెళ్తుంది. కాబట్టి ఫ్యాక్టరీల గొట్టం కలవని చిన్న పట్టణాల మురుగే దీనికి పనికొస్తుంది.

ఇంకోటి, తినని పంట అన్న గోడ గేటు ఉన్నంతవరకే. కరువు ఏడాది పచ్చిమేత ధర పెరిగితే, వెయ్యి ఎకరాల నేపియర్ పచ్చగా కళ్లముందు ఉంటే, అది ప్లాంటుకే పోతుందని ఎవరు హామీ ఇస్తారు? గేదె తిన్నాక అది పాలు. ప్రకాశం జిల్లాలో సుబాబుల్, జామాయిల్ వేసిన రైతులకు ఒక్కడే కొనేవాడు ఉంటే ధర ఏమవుతుందో బాగా తెలుసు. గడ్డికి రెండో కొనుగోలుదారు దొరికితే వాళ్లు వదులుకోరు, వదులుకోవాలని చెప్పడం కూడా న్యాయం కాదు. అందుకే నీరు పశువుల మేత పెంచడానికి కూడా పనికొచ్చే నాణ్యతలో ఉండాలని మొదటే పట్టుబట్టడం తెలివి.

ఆ నీళ్లకు యజమానులు ఉన్నారు

'వృథాగా పోతున్న నీరు' అన్న మాట విన్నప్పుడల్లా నాకు మూసీ కత్వలు (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు) గుర్తొస్తాయి. నగరం దిగువన పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి, బునాదిగాని కాలువల కింద, ఇంకా కింద సూర్యాపేట దగ్గర 1963లో కట్టిన మూసీ ప్రాజెక్టు కింద వేల ఎకరాలు ఆ నీటి మీదే ఉన్నాయి. అంబర్‌పేట ఎస్టీపీ ఒక్కదాని సామర్థ్యమే రోజుకు 339 మిలియన్ లీటర్లు. అది వేరేచోటికి మళ్లితే నీళ్లు 'కొత్తగా' పుట్టవు, ఒక రైతు నుంచి ఇంకో రైతుకు మారతాయి. నిజంగా మిగులు నీరు ఉండేది సముద్రం పక్కన ఉన్న ఊళ్లలో, లేదా మురుగు ఏ చెరువుకూ చేరకుండా కుంటలో ఇంకిపోయే మెట్ట పట్టణాల్లో.

పోటీ రైతుల మధ్యే కాదు. నాగ్‌పూర్ మురుగు శుద్ధి అయి కొరాడి థర్మల్ కేంద్రానికి పోతోంది. ఎస్టీపీకి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని 2016 విద్యుత్ టారిఫ్ విధానం చెప్పింది. పరిశ్రమ వెయ్యి లీటర్లకు ఇంత అని డబ్బు కట్టి కొంటుంది. గడ్డి అంత కట్టలేదు.

కాబట్టి లెక్క తిప్పి వేయాలి. ప్లాంటు సైజు ఖాయం చేసుకుని నీళ్లు వెతకడం కాకుండా, ఊరి మురుగు ఎంతో చూసి గడ్డి, గడ్డిని చూసి ప్లాంటు. ఫ్యాక్టరీలు లేని 45 వేల జనాభా పట్టణం తీసుకోండి. నాలుగున్నర ఎమ్మెల్డీ, 225 ఎకరాలు, రోజుకు 70 టన్నుల పైచిలుకు గడ్డి, రెండున్నర టన్నుల గ్యాసు. పెద్ద కంపెనీకి అది చిన్నదిగా కనిపిస్తుంది. కూరగాయల మార్కెట్ చెత్త, పేడ కలిపితే మాత్రం ఒక మున్సిపాలిటీ నడపగల యూనిట్ అవుతుంది. పొలం ఎస్టీపీకి నాలుగైదు కిలోమీటర్ల లోపు, ఎర్ర నేలలో, కొంచెం వాలు మీద ఉండాలి. వానాకాలం నాలుగు నెలల నీటికి వేరే దారి ముందే చూపించాలి, ఎందుకంటే జనం వాన పడిందని స్నానం మానరు.

అన్నిటికన్నా ముందు ఏప్రిల్ నెలలో ఒక ఉదయం ఎస్టీపీ చివరి గొట్టం దగ్గర లీటరు సీసా పట్టి ల్యాబ్‌కు పంపాలి. ఈసీ, సోడియం, బోరాన్, నత్రజని ఈ నాలుగూ రాయించుకోవాలి. ఖర్చు ఒక లోడు నేపియర్ కణుపుల రవాణా కన్నా తక్కువే. ఆ కాగితం మీద ఈసీ 3 దాటి ఉంటే కణుపులు కొనే పనే లేదు. ఒకటిన్నర లోపు ఉంటే, దిగువన ఆ నీళ్లు ఎవరు వాడుకుంటున్నారో అడగడానికి కాలువ వెంట నడవాలి.